రానివాని పాలు

మహాపురుషులకు మరణాలు రెండు. మొదటిది రోగం వల్ల వస్తుంది, రెండవది శతజయంతి సంఘం వల్ల. క్రైస్తవ దైవశాస్త్ర పారంగతులైన ముత్యాలయ్యగారు మొదటిదాన్ని 1934లో నిబ్బరంగానే ముగించుకున్నారు. రెండవది 1962 ఆగస్టులో, నెల్లూరులోని చోటే సాహెబ్ అచ్చాఫీసులో మొదలై, ఆయన గ్రంథంలో చివరిదైన ఏడవ అధ్యాయం వరకు నిర్విఘ్నంగా సాగింది. అక్కడ ఆయన కుమార్తె కరుణాకుమారి అడ్డం వచ్చింది.

నిజానికి ఆమె వచ్చింది అడ్డుపడడానికి కాదు, సంతకం చేయడానికి. బాలికల పాఠశాలలో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి ఉద్యోగం విరమించిన ఆ మనిషి, తండ్రి రాతప్రతిని ట్రంకుపెట్టెలో వేపాకుల నడుమ ఇరవై ఎనిమిదేళ్లు కాపాడుకుంది. ‘కృపానిర్ణయము’ అనే ఆ నాలుగువందల పుటల గ్రంథాన్ని అచ్చులో చూసి కన్నుమూయాలన్నది ఆమెకు మిగిలిన ఏకైక దురాశ. ఆదివారం సభలో ఆవిష్కరణ. వారసురాలి సమ్మతిపత్రం ఒక్కటే తక్కువ.

ఆమె కలం మూత తీసేసరికి చోటే సాహెబ్ తడి ఆరని కాగితం ఒకటి తెచ్చి బల్ల మీద పరిచాడు.

“టీచరమ్మా, నాకు చదువు తక్కువ. అక్షరాలు తిరగేసి పేర్చడమే గానీ అర్థాల జోలికి పోను. అయినా ఒక మాట అడగతా. ఈ పాలు ఎవురివి?”

“ఏ పాలు, సాయిబూ?”

“అదే, క్షీరం. ఈ పేజీలోనే పదకొండు చోట్ల ఉండాది. ‘క్ష’ అచ్చులు చాలక పక్క ప్రెస్సు నుంచి తెప్పించినా.”

ఆమె చదివింది. ‘కృప యనగా రాని వాని క్షీరము’ అని ఉంది. దాని కింద సంపాదకుల వారి అధోజ్ఞాపిక: ‘రాని వాడనగా విశ్వాసమునకు ఇంకను రాని వాడు. అట్టివాడు శిశుతుల్యుడు గాన వానికి క్షీరమే పథ్యము. ఇచ్చట గ్రంథకర్త గ్రామ్యముగ పాలు అని వ్రాసియుండగా సవరింపబడినది.’

కరుణాకుమారి కలానికి మూత పెట్టింది.

సంపాదకులు పద్మనాభయ్యగారు సామాన్యులు కారు. తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసినా వ్యాకరణం ఆయనను వదలలేదు. పెళ్లి శుభలేఖలో అరసున్న తప్పిందని విందుకు వెళ్లకుండా ఆగిన నిష్ఠాగరిష్ఠులు. అన్యమతస్థుల గ్రంథమైనా భాషామతల్లి ఒక్కతే కదా అని, శతజయంతి సంఘం అడగగానే ఔదార్యంతో భారం తలకెత్తుకున్నారు. ముత్యాలయ్యగారి జీవితచరిత్ర కూడా ఆయనే రాసి, ‘సముద్ర వాణిజ్య కుటుంబమున జన్మించి’ అని మొదలుపెట్టారు. కరుణాకుమారి దాన్ని చూసి నవ్వి ఊరుకుంది. ఆమె తాతకున్నది నాలుగు దుంగలు కట్టిన తెప్ప. వాణిజ్య నౌక అయివుంటే మునిగేది కాదేమో.

సాయంత్రం పద్మనాభయ్యగారు అచ్చాఫీసుకు రాగానే ఆమె ఆ కాగితం చూపించింది.

“పంతులుగారూ, ఇది తాగే పాలు కాదు. పంచే పాలు. తెప్పలు ఒడ్డుకొచ్చినాక చేపలు పోగులు పెడతారే, ఒక్కొక్కరి వంతు, అది.”

పండితులవారి ముఖం మీద ఒక మేఘం నడిచి వెళ్లింది. అర్థం తెలియక కాదు. తెలిసిన అర్థం తనకు తట్టనందుకు.

“ఓహో. అట్లయితే ‘భాగము’ అందాము. రాని వాని భాగము. తప్పొప్పుల పట్టికలో ఒక్క పంక్తి. మీరు సంతకం చేయండి.”

“భాగం వద్దు.”

“ఏమి లోపం దానికి?”

“భాగం అడిగి తీసుకునేది. ఇవ్వకపోతే కోర్టుకు పొయ్యేది. పాలు గుమ్మంలో పెట్టిపొయ్యేది. మా నాయన అన్నీ చదివినాడు, గ్రీకు చదివినాడు, హీబ్రూ చదివినాడు. ఆ మాటకు సరిపొయ్యే మాట యాడా దొరక్క మళ్లీ సముద్రం ఒడ్డున మా పాళేనికొచ్చి తెచ్చుకున్నాడు.”

“తప్పొప్పుల పట్టికలో ‘పాలు’ అనే వేద్దామా మరి? ‘క్షీరము అని ఉన్నచోట పాలు అని చదువుకొనవలెను.’”

చోటే సాహెబ్ మెల్లగా దగ్గాడు. “అట్టేస్తే మళ్లీ పాలే తాగతారు, సార్.”

పండితులవారు అతని దగ్గును పట్టించుకోలేదు. “అమ్మా, ప్రమాణం లేనిదే పదం నిలవదు. రానివాడికి వంతు ఇచ్చే ఆచారం లోకంలో ఉన్నదా? రానివాడికి ఎవరైనా ఎందుకిస్తారు?”

“రేపు పొద్దున బస్సెక్కండి,” అన్నది కరుణాకుమారి.

విడవలూరులో బస్సు దిగి, ఒంటెద్దు బండి ఎక్కి, బండి ఇసుకలో మొరాయించిన చోట దిగి నడిచారు. పద్మనాభయ్యగారు చెప్పులు చేతబట్టుకుని, ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని, లంకకు నడిచివెళ్తున్న రాయబారిలా సాగారు. అప్పుడే తెప్పలు ఒడ్డుకు వచ్చాయి. చెంగయ్య అనే పెద్ద మనిషి కానాగంత చేపలను ఇసుక మీద పోగులు పెడుతున్నాడు. తెప్ప మీద వెళ్లింది నలుగురు. పోగులు అయిదు.

“అయిదవది ఎవరిది?” అన్నారు పండితులవారు.

“రానోడి పాలు, సామీ. మస్తానయ్యకు జొరం. నెలయింది పడుకోని.”

“పనికి రాలేదు కదా. ఎందుకివ్వాలి?”

చెంగయ్య ఆయన వంక జాలిగా చూశాడు. “రాలేదు గాబట్టే గదా. వచ్చుంటే వాడి పాలు వాడే ఎత్తుకుంటాడు, మన పనేముండాది?”

“ఎన్నాళ్లిస్తారు?”

“వాడు లేసిందాకా. లేవకపోతే వాడి కొడుకు వల పట్టుకున్నిందాకా.” ఆయన కరుణాకుమారి వైపు తిరిగాడు. “అక్కా, మీ నాయన ఇంటికి తొమ్మిదేళ్లు పెట్టినారంట గదా మావోళ్లు. మా తాత చెప్తుండె.”

“తొమ్మిదేళ్లే,” అన్నదామె.

ముత్యాలయ్యకు ఆరేళ్లప్పుడు తండ్రి తెప్ప మీద వెళ్లి తిరిగి రాలేదు. ఆ మర్నాటి నుంచి ఆ గుమ్మంలో పోగు తప్పలేదు. పెట్టినవాడు తలుపు తట్టేవాడు కాదు. తడితే పుచ్చుకున్నవాళ్లు కృతజ్ఞత చెప్పవలసి వస్తుందని పాళెం మర్యాద. ముత్యాలయ్యగారి దైవశాస్త్రం యావత్తూ ఆ తట్టని తలుపు వెనక పుట్టింది.

చెంగయ్య నాలుగు చేపలు తాటాకు బుట్టలో వేసి పండితులవారి చేతికిచ్చాడు.

“నాకెందుకు?” అన్నారాయన, పాము పిల్లను అందుకున్నట్టు.

“మీరూ రాలేదు గదా సామీ, సముద్రం మీదికి.”

“నేను తినను.”

“తినమని ఎవురన్నారు? మీ పాలు మీది. పిల్లికేసుకుంటారో, పారేసుకుంటారో మీ ఇష్టం.”

శాకాహార పరాయణులైన పండితులవారు కృపను చేతులారా పట్టుకుని, ఒంటికి మూరెడు దూరంలో ఉంచుకుని, విడవలూరు దాకా మోశారు. పారేయలేదు. బస్సులో వాసనకు పక్కవాళ్లు లేచి వెళ్లడం వల్ల ఇద్దరికీ చోటు దొరికింది.

“అర్థం ఒప్పుకున్నాను,” అన్నారు చివరికి. “కానీ అయిదువందల ప్రతులు అచ్చయిపోయాయి. ఆదివారం సభ. సంఘం వినదు. ఈసారి తప్పితే మీ తండ్రిగారి పేరు మళ్లీ ఎవరూ ఎత్తరు. మీకూ వయసు మీదపడింది.”

అది నిజం. ఆమెకు తెలుసు. ఆ మాట విన్నాక ఊరు వచ్చేదాకా ఆమె కిటికీలోంచి పొలాలే చూసింది.

“అయితే పంతులుగారూ, అట్ట మీద మా నాయన పేరు తీసేసి మీ పేరు వేసుకోండి. క్షీరం మీది. పాలు మాది. సంతకం చెయ్యను.”

ఆదివారం సభ దివ్యంగా జరిగింది. పటానికి మూడు దండలు పడ్డాయి. ఏడుగురు వక్తలు, ఎవరూ చదవని, ఎవరి చేతిలోనూ లేని గ్రంథాన్ని గురించి గంటన్నర సేపు ప్రసంగించారు. వారసురాలి మొండితనాన్ని అధ్యక్షులు దేవుడికే విడిచిపెట్టారు. కరుణాకుమారి మొదటి వరుసలో, ఒళ్లో ట్రంకుపెట్టె తాళంచెవితో, చివరిదాకా కూర్చుంది.

డిసెంబరులో చోటే సాహెబ్ ఆమెను పిలిపించాడు. ఏడవ అధ్యాయం మళ్లీ కూర్చి ఉంది. ‘కృప యనగా రానివాని పాలు.’ సంఘం ఒప్పుకుందా అని అడిగితే, సంపాదకులవారు క్షీరం అచ్చయిన కాగితాలన్నీ తామే చింపి, ‘ఇప్పుడేమి చేస్తారో చేయండి’ అని సంఘానికి జాబు రాశారని చెప్పాడు. కింద కొత్త అధోజ్ఞాపిక కనిపించింది: ‘పాలు: వేటకు రాజాలని వాని గుమ్మమున ఉంచబడు మత్స్యముల భాగము. ప్రమాణము: చెంగయ్య, విడవలూరు తూర్పు తీరము. సంపాదకునిచే స్వయముగ పుచ్చుకొనబడినది.’

కరుణాకుమారి రెండుసార్లు చదివింది. కళ్లద్దాలు తుడుచుకుంది. తర్వాత పెన్సిలు అడిగి తీసుకుని ‘భాగము’ను కొట్టివేసి, పైన ‘పాలు’ అని రాసింది.

చోటే సాహెబ్ తల గోక్కున్నాడు. “పాలంటే పాలు అని వేస్తే ఎట్టమ్మా? జనం నవ్వరా?”

“నవ్వనీ సాయిబూ. పాలంటే పాలే,” అని ఆమె సమ్మతిపత్రం ముందుకు లాక్కుని కలం మూత తీసింది.