కట్ట మీద తడి గొర్రెలు

తిప్పమ్మ చక్రాల కుర్చీకి అంటుకుపోయిన నాటి నుంచి రాయచెర్లు చెరువు మొహం చూడలేదు. కట్ట ఎక్కాలంటే నలుగురు మోయాలి. మోయించుకోవడానికి ఆమెకు మనసొప్పదు. ఇప్పుడు కట్ట పొడవునా నున్నటి సిమెంటు బాట వేశారు. నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు, కుర్చీలవాళ్లు ఎవరైనా పోవచ్చట. ఆ మాట చెవిన పడింది మొదలు ముసలమ్మ, తనను అక్కడికి తీసుకుపొమ్మని మనవరాలు ఆశా ప్రాణం తోడేసింది.

నిజానికి ఆమెకు కావలసింది బాట కాదు, కట్ట మలుపులో ఉండే బండ. పొలాలు సోలార్ పలకల కిందికి పోకముందు, ఇంట్లో మంద ఉన్న కాలంలో, ఉన్ని కత్తిరించే ముందు గొర్రెలను చెరువులో కడిగి ఆ బండ మీదే ఆరబెట్టేవాళ్లు. తడి గొర్రె మట్టిలో పొర్లిందంటే కడిగిందంతా దండగ. అందుకే తిప్పమ్మ కొంగు బిగించి దారికి అడ్డంగా నిలబడేది. ఎంత పొగరుబోతు పొట్టేలైనా ఆమెను దాటి పోయింది లేదు.

ఆశా మలుపు దగ్గర కుర్చీ ఆపింది. “ఇదే కదవ్వా నువ్వు చెప్పిన చోటు?”

బండ లేదు. దాని మీదుగానే బాట పోయింది.

“నా బండ యాడుండాది?” తిప్పమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఈ సిమెంటు చూపీడానికా పిల్చుకొచ్చినావు? తిప్పు, ఇంటికి పోదాం.”

ఆశా కుర్చీ తిప్పబోతుంటే కింద నీళ్లలోంచి కేక వినిపించింది. ఇంకా మంద వదలని బోరన్న గొర్రెలు కడుగుతున్నాడు.

“అత్తా, నువ్వేనా! ఇవి మట్టిలో పొర్లి సంపుతాండాయి. బాట మీదికి తోల్తా, ఆడనే ఆరనీ. ఆ కొసన నేనుంటా, ఈ కొసన నువ్వు రొంత అడ్డముండు!”

నిలబడే కాళ్లు ఆమెకెక్కడివి? అయినా క్షణం ఆలోచించలేదు. కుర్చీని బాటకు అడ్డంగా పెట్టించుకుంది. నీళ్లోడుతూ గొర్రెలు పైకొచ్చాయి. తడి ఉన్ని వాసనకు తిప్పమ్మ ఒళ్లంతా పులకరించింది. దూసుకొచ్చిన పొట్టేలును నుదుటి మీద అరచెయ్యి పెట్టి వెనక్కి నెట్టింది.

అంతలో సోలార్ పార్కు డ్యూటీకి పోతున్న హనుమేశ్ సైకిలు బెల్లు కొట్టాడు.

“అవ్వా, టైమైతాంది, రొంత జరుగు.”

ఆశా కుర్చీని పక్కకు లాగబోయింది. తిప్పమ్మ రెండు చేతులతో చక్రాలు గట్టిగా పట్టుకుంది.

“ఇవి ఆరేదాకా ఎవురూ పోయేది లేదప్పా,” అంది. “నేనీడ పనిలో ఉండాను.”