విడుమన్న మాట

కార్తికమాసమున మూఁడహోరాత్రము లెడతెగక కురిసి యలసిన మేఘమండలము తూర్పుసంద్రముమీఁదికిఁ దొలఁగిపోఁగా క్షాళితనిర్మలమైన గగనతలమునుండి వెలువడిన ప్రాతఃకాలాతపము నెల్లూరిపురమున మూలాపేట సందులలోని బురదగుంటలను సైతము బంగరుపళ్లెరములఁ జేయుచుండెను. అట్టి మనోహరప్రభాతమున నొక పెంకుటింటి ముంగిట నలువదియేండ్ల నాఁటి తెల్లని అంబాసడరుకారు ముందరి కుడిచక్ర మూడఁదీయఁబడి రాళ్లదిమ్మపై నిలిచియుండెను. దాని చోదకాసనమున గృహిణి త్రిపురసుందరమ్మ కుడిపాదమును బ్రేకుపెడలుపై నుంచి కూర్చుండియుండెను. ఆమె పెనిమిటి హరనాథశర్మగారు గతించి నలువదిమూఁడు దినములయ్యెను.

శర్మగారు బడిలోఁ దెలుఁగు పండితులు. ఒరులు పాతఁబడెనని త్రోసిపుచ్చిన యా కారును గొనితెచ్చి దాని యంగోపాంగములను వ్యాకరణసూత్రములవలెఁ గంఠస్థము చేసికొని మరమ్మతులన్నియు స్వహస్తములతోనే చేసికొనువారు. బ్రేకుల సిలిండరులు మార్చినప్పుడెల్ల నూనెగొట్టములలోఁ జొరఁబడిన గాలిని వెడలఁగొట్టవలయును. లేనియెడలఁ బెడలు మెత్తఁబడి దిగిపోవునే కాని కారు నిలువదు. ఇది యొంటిచేతిపని గాదు. ఒకరు పైనఁ గూర్చుండి పెడలు నదిమిపట్టవలయును. వేఱొకరు చక్రముకడఁ గూర్చుండి చిన్నమరను వదలించి బుడగలతోడి నూనెను సీసాలోనికిఁ బోనిచ్చి మరల మర బిగింపవలయును. ముప్పదియేండ్లుగాఁ బైనఁ గూర్చుండినది త్రిపురసుందరమ్మయే. క్రిందినుండి "పట్టు త్రిపురా" యని వినవచ్చినంతనే యదిమిపట్టుటయు "విడు" అని వినవచ్చినంతనే పాదమెత్తుటయుఁ దప్ప క్రింద జరుగు పని యేదియు నామె యెఱుఁగదు. "వదులు" అనుట శర్మగారికి సంతలోని మోటుమాట, కావున "విడు" అనియే యనువారు. అయ్యవారు కారు క్రింద దూఱియుఁ బాఠము మానరని యిరుగుపొరుగువారు నవ్వుకొనువారు.

నడుపనేరని యామె కారు నమ్మివేయ నిశ్చయించెను. మధ్యాహ్నమునకుఁ గావలినుండి కొనువాఁడు రానుండెను. భర్త కారెక్కిన యన్యుఁడెవఁడును నిలుపలేక యాపదపాలు గారాదని క్రొత్త సిలిండరులు వేయించెను. ఒకప్పుడు శర్మగారికడఁ జదువుకొన్న నలువదియేండ్ల మెకానిక్కు మస్తానయ్య యుదయముననే వచ్చి పెడలునకు దవ్వుననున్న వెనుకచక్రములు మొదలుకొని మూఁడింటి నూనెగొట్టములలోని గాలి తీసి నాలవదానికడకుఁ జేరెను. "పట్టుకోండమ్మా" "వదలండమ్మా" యను నాతని మాటలకు నామె పాదము తడవులేక లోఁబడుచుండెను. అంతలో నాతఁడు మర బిగించి చిన్ననాఁడు బడికిఁ బోవుచు వీథినుండి వేనమాఱులు విన్న మాటను బరధ్యానమున నాడెను.

"విడు."

పెడలు పైకి రాలేదు. మస్తానయ్య నాలుక కఱచుకొని లేచి చూచెను. ఆమె ముఖము తెల్లవోయియుండెను.

"తప్పయిపోయిందమ్మా. అయ్యోరి మాట, నోటికొచ్చేసింది."

"నీ తప్పు కాదు నాయనా, నాది" అని యామె యెవ్వరికినిఁ జెప్పని దానిఁ జెప్పెను. "ఆస్పత్రిలో చివరిరోజు ఆయనకు తెలివి లేదు. కలవరింతలో 'పట్టు' అన్నారు. చెయ్యి పట్టుకున్నాను. గంటసేపటికి 'విడు' అన్నారు. ముప్పై ఏళ్ల అలవాటు మస్తానూ, ఆలోచించకుండా వదిలేశాను. వదలగానే పోయారు. పట్టుకునే ఉంటే ఇంకో ఘడియ ఉండేవారేమో."

నలువదిమూఁడు దినములుగా నామె యా చేతితోనే యన్నము దినుచు నా చేతినే యసహ్యించుకొనుచుండెను. మస్తానయ్య నూనెచేతులు తుడుచుకొనుచు మెల్లగా నడిగెను.

"విడు అని ఎప్పుడంటామో మీకు తెల్దా అమ్మా?"

"తెలియదు. నేనెప్పుడూ కిందికి చూడలేదు."

"మర బిగించినాకే అంటాం. ముందే అంటే గాలి లోపలికి పోతాది, చేసిన పనంతా దండగ. కింద పని అయిపోయింది, ఇంక పైన వాళ్లకి కాలు నొప్పెందుకు అని అనే మాటమ్మా అది. అయ్యోరు పని ముగించుకోకుండా ఆ మాట అనే మనిషి కాదు."

త్రిపురసుందరమ్మ తన కుడిచేతిని ముఖమునకెదురుగా నెత్తి చూచుకొనెను.

"నా చెయ్యి నొప్పి పుడుతుందని అన్నారా?"

అని యడిగి స్టీరింగుచక్రముపైఁ దల వాల్చి పెనిమిటి పోయిన దినమున సైతము రాని యేడ్పు నేడ్చెను. గుండె పగిలి యేడ్చుచున్నను నామె పాదము మాత్రము పెడలు నదిమిపట్టియే యుండెను. చాలసేపటికిఁ దల యెత్తకయే పలికెను.

"మర బిగించావా మస్తానూ?"

"బిగించినానమ్మా."

"అయితే ఆయన అన్నట్టే అను. పేరుపెట్టి."

గురుపత్ని పేరు నాలుకపైఁ బెట్టుకొనుట యాతని జన్మమున నెఱుఁగని పని. ఆతఁడు తల వంచుకొని మరల చక్రముకడఁ గూర్చుండి యామెకుఁ గనఁబడకుండ నడఁగి గొంతు సవరించుకొనెను.

"విడు... త్రిపురా."

ఆమె పాదమెత్తెను. పెడలు పైకి వచ్చెను, బ్రేకు గట్టిపడెను. పని ముగిసెను గాని కావలినుండి కొనువాఁడు వచ్చి తలుపుకడ నిలుచువఱకు నామె యాసనము దిగలేదు.