వీధిదీపాల పేజీలో ఇంజనీరు పేరు

నగరపాలక సంస్థ వెబ్‌సైటును చూసుకునే ఆవిడను ఆఫీసులో అందరూ పేజీలమ్మ అనేవారు. పాత సాఫ్ట్‌వేరు కంపెనీ ఇక తమవల్ల కాదని చేతులెత్తేయడంతో, సైటును మళ్లీ కట్టించే పని ఆవిడ నెత్తిన పడింది. రెండు అంచనాలు వచ్చాయి. ఒక సాఫ్ట్‌వేరుకు ఏటేటా లైసెన్సు కట్టాలి. రెండోది ఉచితం. తీరా చూస్తే రెండు మొత్తాలూ ఇంచుమించు ఒకటే.

"ఉచితమంటూనే ఇంతేమిటి?" అన్నాడు కమిషనర్, కళ్లజోడు పైకి తోసుకుంటూ.

"సాఫ్ట్‌వేరే ఉచితమండీ. పాత పేజీలను అందులోకి మార్చడానికి చాకిరీ ఎక్కువ. పేజీకింత అని వేశారు. మనకేమో పేజీలు పుట్టలు పుట్టలుగా ఉన్నాయి."

"పనికిరానివి తీసెయ్యండి. ఇల్లు మారేటప్పుడు విరిగిన కుర్చీలు కూడా లారీ ఎక్కిస్తామా?"

ఆ మాట ఆవిడకు నచ్చింది. మర్నాటి నుంచి ఒక్కో పేజీ చదివి, అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేయసాగింది. చాలావాటికి జవాబు లేదు. వీధిదీపాల పేజీలో ఇంజనీరు పేరు పక్కనున్న నంబరు మాత్రం వెంటనే పలికింది.

"ఏ వీధమ్మా? స్తంభం మీద అంకె ఉంటుంది, చూశావా?" అంది ఒక ముసలి గొంతు.

పేజీలమ్మ తానెవరో చెప్పి, "ఇంజనీరుగారు ఉన్నారాండీ?" అని అడిగింది.

"ఆయన పోయి ఐదేళ్లయిందమ్మా. నేను ఆయన భార్యను. జనం ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఆయన లేడని చెబితే వాళ్ల దీపం వెలుగుతుందా? ఆయన దగ్గర పనిచేసిన లైన్‌మన్‌కు చెబుతుంటాను. మంచివాడు, విసుక్కోడు."

పేజీలమ్మ క్షమించమని అడిగి, నంబరు తీసేస్తానంది.

"తియ్యాల్సిందేలే. నాకూ ఓపిక తగ్గింది." అంది పెద్దావిడ. "ఆ పేజీలో ఆయన పేరు కూడా ఉందా?"

"ఉందండీ."

"అదీ పోతుందా?"

అబద్ధమాడటానికి పేజీలమ్మకు మనసొప్పలేదు. "పోతుందండీ."

"పోయేముందు నాకోసారి చూపిస్తావా? అవన్నీ చూడటం నాకు చేతకాదు."

ఆదివారం పేజీలమ్మ ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. పెద్దావిడ తెర మీది పేరును వేలితో తాకి, "మొదటి అక్షరమే తప్పు కొట్టారు. ఆయన చూసి ఉంటే ఊరుకునేవారా?" అని నవ్వింది. ఆవిడ చాలనేదాకా పేజీలమ్మ ఆ పేజీ మూయలేదు.

వడపోత ముగిసేసరికి పేజీలు మూడోవంతుకు దిగాయి. మార్చే ఖర్చు తగ్గడంతో ఉచిత సాఫ్ట్‌వేరే చవకని తేలింది. మిగిలిన సొమ్ముతో, పేజీలను ఎప్పటికప్పుడు సరిచూసే మనిషిని పెట్టాలని పేజీలమ్మ పట్టుబట్టింది.

"సైటు కట్టేశాక ఇంకా మనిషెందుకు?" అని కమిషనర్ నసిగాడు.

ఆవిడ ఇంజనీరు భార్య సంగతి చెప్పింది. కమిషనర్ వెంటనే సంతకం పెట్టాడు.

కొత్త సైటు వచ్చినా, పాత నంబరు ఫోన్లో దాచుకున్నవాళ్లు అప్పుడప్పుడూ పెద్దావిడకే చేస్తుంటారు. ఆవిడ కొత్త నంబరు నిదానంగా చెప్పి పెట్టేస్తుంది. లైన్‌మన్ మాత్రం, ఫిర్యాదులేవీ లేకపోయినా, వారానికోసారి తనే ఫోన్ చేసి పలకరిస్తున్నాడట.