చదవకుండా తెరిచిన రిపోర్టు

"నువ్విక్కడ కూర్చో, ఫ్యానుంది. నేను మాట్లాడి వస్తాను" అన్నారు మావారు ఉదయ్‌భాస్కర్, రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరు గది ముందు.

పొట్ట నాది, మాటలు ఆయనవి. నిరుడు పెద్దపేగులో ఒక ముక్క కోసి తీసినప్పుడూ ఇంతే. "ఏదో పుండులేవే" అన్నారు. నేను డిగ్రీలో జువాలజీ చదివాను. బొద్దింక పేగును తెగకుండా బయటికి తీసి మార్కులు కొట్టేసిన దాన్ని. పుండుకి అంత పేగు కొయ్యరని తెలుసు. కానీ అంత కష్టపడి అబద్ధమాడుతున్న మనిషిని నిరుత్సాహపరచడం ఎందుకని ఊరుకున్నాను.

ఈసారి స్కానింగు రిపోర్టు ఆయన ఫోనుకొచ్చింది. కరెంటు బిల్లు దగ్గర్నుంచి శుభలేఖ దాకా ఫోనులో ఏమొచ్చినా తెరిచిపెట్టేది నేనే, ఆయనకి రాదు. అరగంట కుస్తీ పట్టి, చివరికి వంటింట్లోకొచ్చి ఫోను నా చేతిలో పెట్టారు.

"ఇది ఓపెన్ చెయ్యవే. చదవకు."

ఓపెన్ చేశాను. ఆయన కళ్లజోడు వెతుక్కునేలోపు చదివేశాను కూడా. క్యాన్సరు మళ్లీ వచ్చిందట, పొట్ట లోపలి పొర మీదికి పాకిందట.

"ఏముందండీ?" అన్నాను.

"గ్యాసు" అన్నారు, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ.

పాపం అనిపించింది. ఆ పూట ఆయనకి ఇష్టమని కందా బచ్చలి కూర చేశాను.

గురువారం నుంచి కీమో మందులెక్కిస్తామని ఆసుపత్రి వాళ్లు కబురు పెట్టారు. శుక్రవారం మావయ్యగారి తద్దినం.

"వారం ఆగితే ఏమైందిట, గ్యాసేగా! వంటమనిషి చేతి వంట మీ మావయ్యగారు ముట్టరు" అన్నారు అత్తయ్యగారు సీతారామలక్ష్మి. మావయ్యగారు పోయి పదకొండేళ్లయింది. ఉన్నన్నాళ్లూ "ఉప్పు చాల్లేదు" అని నేను వడ్డించిన కంచాన్ని పక్కకి నెట్టేవారు. పోయాకే నా వంట ఆయనకి రుచించింది. ఏటా చీకటితో లేచి, తలారా స్నానం చేసి, మడి కట్టుకుని గారెలు, అరటికాయ కూర, నువ్వులుండలు చేస్తాను. బ్రాహ్మలు భోంచేసి లేచి, ఇంట్లో వాళ్లంతా తిన్నాక మూడింటికి నాకు మిగిలేది సంతృప్తి అని అందరూ అంటారు. గారెలు మాత్రం మిగలవు.

"చూద్దాం" అన్నారు మావారు. ఆయన భాషలో చూద్దామంటే వాళ్లమ్మగారు గెలిచినట్టు. ఇప్పుడు లోపలికెళ్లి అడగబోయేది ఆ వారం వాయిదానే.

అంతలో వాచ్‌మన్ వచ్చి "అయ్యగారండీ, తమ కారు అంబులెన్సుకి అడ్డంగా ఉందండి" అన్నాడు. ఆయన పరుగెత్తారు. నేను తలుపు తోశాను.

"మీకేమీ చెప్పొద్దన్నారమ్మా మీవారు" అంది డాక్టర్ క్రిస్టినా ఇబ్బందిగా.

"ఆయనకి చెప్పకండి, నాకు చెప్పండి. ఎంతకాలం?"

ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఒట్టి మందులతో అయితే చాలామందికి ఏడాది, ఏడాదిన్నర. మందులకి లొంగితే, పొట్ట తెరిచి కనిపించిన గడ్డల్నల్లా గీకి తీసేస్తారు. ఏమీ మిగలకుండా తీయగలిగితే సగం మంది మూడేళ్లు దాటుతున్నారు, కొందరు అయిదు కూడా. అది కుదురుతుందో లేదో ముందు కెమెరా పెట్టి చూడాలి. గీకాక వేడి మందుతో పొట్ట కడగడం కూడా ఉందిట, దానివల్ల అదనంగా ఎంత మేలో ఇంకా తేలలేదుట.

"అడుగంటిన గిన్నె లాగన్నమాట. గీకుడే ముఖ్యం" అన్నాను.

ఆవిడ నవ్వాపుకోలేకపోయింది.

"వారం వాయిదా వేస్తే?"

"వారానికి కొంప మునగదమ్మా. కానీ దేనికి?"

"గారెలకండీ."

ఈసారి నవ్వలేదు. ఉన్న రోజులే లెక్కలో పడ్డప్పుడు, అందులో ఒక వారం మావయ్యగారి కంచంలో వడ్డించాలా అని నాకూ మొదటిసారి తోచింది. "గురువారం వస్తానండి" అని, కీమోకి ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాను. నా పేరు నేను రాసుకుని ఎన్నాళ్లయిందో, అక్షరాలు కాస్త వంకరపోయాయి.

ఇంటికొచ్చి గురువారమే మందులకి వెళ్తానని చెప్పగానే అత్తయ్యగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు.

"మరి శుక్రవారం మడి కట్టుకుని వండేదెవరే?"

"మీ అబ్బాయండీ. ఇప్పట్నుంచీ నేర్చుకోనివ్వండి. వచ్చే ఏటికి రెండు తద్దినాలు పెట్టాల్సి రావచ్చు."

మావారు పీట లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

అప్పుడడిగారు.

"మినప్పప్పు ఎన్ని గంటలు నానాలే?"