నేరం ఒప్పుకోని ఐదుగురు

మమత చెయ్యి పట్టుకుని వ్యానులోకి లాగినవాడు మగ కానిస్టేబులు. కూలీల అడ్డా మీద రెండు వందల మంది చూస్తుండగానే లాగాడు.

పొద్దు అప్పుడే బారెడెక్కింది. చీరల మీద మగవాళ్ల అంగీలు తొడుక్కుని, తట్టలూ సద్ది డబ్బాలూ పట్టుకుని, ఏ మేస్త్రి బండి వచ్చి ఎవరిని ఎక్కించుకుంటుందా అని ఎదురుచూస్తున్న కూలి ఆడవాళ్ల మధ్యకు వచ్చి ఆగింది ఆ వ్యాను. భద్రమ్మ తట్ట కింద పడేసి అడ్డం పోయింది.

"పిల్లను ఎందుకు గుంజుతున్నవ్ సారూ? ఏం జేసిందది?"

"రోడ్డు మీద నిలబడి గిరాకీలను పిలుస్తున్నరని కంప్లెయింట్ వచ్చింది. నువ్వు గూడ ఎక్కు."

"గిరాకీలా? కూలికి నిలబడ్డం!"

"దేనికి నిలబడ్డరో ఠాణాల చెప్పు."

భద్రమ్మనూ ఎక్కించారు. ఆమె పక్కనున్న బిక్షమ్మనూ, నర్సింగమ్మనూ ఎక్కించారు. అడ్డా చివర, బస్టాపు దగ్గర నిలబడ్డ పుష్పమ్మను కూడా ఎక్కించారు. పుష్పమ్మ కూలికి వచ్చేది కాదు. ఆమె ఎందుకు నిలబడుతుందో అడ్డా అంతటికీ తెలుసు. ఆమె వంక చూడకుండా ముఖం తిప్పుకోవడం కూడా అడ్డా అంతటికీ అలవాటే.

భద్రమ్మది పాలమూరు దిక్కు, ఆత్మకూరు దగ్గర పల్లె. మొగుడు పోయాక ఈ పట్నం వచ్చి పన్నెండేళ్లు. గుట్టకు పోయే భక్తులు దిగే లాడ్జీలు ఆమె తల మీదుగా లేచాయి. తట్టలు మోసీ మోసీ ఆమె నడినెత్తిన వెంట్రుకలు లేవు. ఇంతవరకు ఆమెను ఎవరూ ఠాణా మెట్లెక్కించలేదు.

ఎక్కించింది ఎవడో వ్యాను కదలకముందే ఆమెకు తెలిసిపోయింది.

సోమవారం నాడు కంట్రాక్టర్ బాలకృష్ణ కారు దిగాడు. నాలుగంతస్తుల లాడ్జీ కడుతున్నాడు. ఆ రోజు స్లాబు వెయ్యాలి, పన్నెండు మంది కావాలి. పదకొండు మందిని బండెక్కించి, మమత ముందు ఆగాడు. ఆ పిల్లకు పెళ్లయి ఏడాది కాలేదు.

"నువ్వు తట్ట మొయ్యుడెందుకే? పొద్దుమీకి రూముకు రా. ఎంత దీస్కుంటవో చెప్పు" అన్నాడు. బండి మీది మేస్త్రీలు నవ్వారు.

మమత చెప్పు తీసి కొట్టింది. వాడి చెంప మీద మట్టి అంటుకుంది. బండెక్కిన పదకొండు మంది ఏం చేద్దామన్నట్టు భద్రమ్మను చూశారు. "దిగుండ్రి" అంది భద్రమ్మ. దిగారు. ఆ రోజు వాడి స్లాబు పడలేదు. మంగళవారం వచ్చాడు, ఎవరూ ఎక్కలేదు. బుధవారం మేస్త్రిని పంపాడు, ఎవరూ ఎక్కలేదు.

"అడ్డ మీద నిలబడేటిదానికి ఇంత పౌరుషమా? మీరు దేనికి నిలబడుతరో సర్కారుతోటే రాయిస్త" అని చెప్పి పంపాడు. గురువారం వ్యాను వచ్చింది.

*

ఠాణాలో బల్ల మీద కూర్చోబెట్టారు. పుష్పమ్మ వచ్చి కూర్చోగానే భద్రమ్మ అటు జరిగింది. పుష్పమ్మ అది చూసింది.

ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. "సెక్షను ఎనిమిది. పబ్లిక్ జాగల నిలబడి మాటలతోటో సైగలతోటో పిలిచిండ్రు. మొదటిసారి గనక ఆరు నెల్ల దాకా జైలు, లేకుంటే ఐదు వందల జుర్మానా. మధ్యాహ్నం కోర్టుకు తీస్కపోత. జడ్జి అడిగితే ఒప్పుకుంటున్నమని చెప్పుండ్రి. ఐదు వందలు కట్టి పొద్దుమూకకముందే ఇండ్లల్ల పడుతరు. కాదు కూడదంటే ఏండ్లకేండ్లు తిరుగుండ్రి."

నర్సింగమ్మ ఏడుపు ఆపుకోలేక, "ఒప్పుకుందమే వదినె. ఐదు వందలే గద. ఇంట్ల చంటిపిల్ల ఉంది" అంది.

అప్పుడు నోరు విప్పింది పుష్పమ్మ.

"ఐదు వందలతోటి అయిపోదమ్మా."

"నువ్వు మాట్లాడకు" అంది భద్రమ్మ.

"నేను గాక ఇంకెవలు మాట్లాడాలె? మీరందరు ఒక్కపారి గూడ పడలె, నేను ఐదుసార్లు పడ్డ. మొదట నేను గూడ ఒప్పుకున్న. ఐదు వందలే గద అనుకున్న. ఏలిముద్రలు దీసుకున్నరు, ఫొటో దీసుకున్నరు. నెల తిరగకముందే ఇల్లుగలాయన సామాను బయటేసిండు. బిడ్డకు హాస్టలు సీటు కోసం పోతె, ఆడ ఎవడో ముందే చెప్పి పెట్టిండు. రెండోసారి పట్టుకున్నంక తెలిసింది, రెండోసారికి జుర్మానాతోటి వొదలరని. జైలు పడాలె, ఏడాది దాకా ఎయ్యొచ్చు. నాకు నాలుగు నెలలు ఏసిండ్రు. ఒక్కసారి ఒప్పుకున్నవంటె నీ పేరు ఈళ్ల బీరువల ఉంటది. ఇగ పండుగొచ్చినా పబ్బమొచ్చినా, కేసులు తక్కువ పడ్డప్పుడల్ల నిన్నే గుంజుకొస్తరు. నువ్వు తట్ట పట్టుకుని నిలబడు, బిడ్డనెత్తుకుని నిలబడు, ఈళ్ల కాయిదంల నువ్వు అదే."

నర్సింగమ్మ ఏడుపు ఆగిపోయింది.

"ఇంకో మాట ఇను. గదే సెక్షన్ల మొగోడు నిలబడి పిలిస్తె వాడికి గూడ శిక్ష రాసి ఉంది. ఏడు రోజులకు తక్కువ కాకుండ, మూడు నెలల దాకా. నాకు జైలుల చదువుకున్న ఆమె చెప్పింది. నా ఐదు కేసులల్ల ఒక్క మొగోడి పేరన్న ఉందేమో అడుగు గా సారును."

ఎస్సై లాఠీతో బల్ల మీద కొట్టాడు. పుష్పమ్మ కదల్లేదు.

భద్రమ్మ పుష్పమ్మ వైపు తిరిగి చూసింది. పన్నెండేళ్లుగా తాను తట్ట పట్టుకుని నిలబడ్డ అడ్డాకు యాభై అడుగుల దూరంలో ఈమె నిలబడింది. ఎండ ఇద్దరికీ అదే, వచ్చే బండ్లూ అవే. ఈమెను వ్యానులోకి లాగినప్పుడల్లా తాను ముఖం తిప్పుకుంది. ముఖం తిప్పుకుని తిప్పుకునే కదా ఇవాళ ఆ వ్యాను తన దగ్గరికి వచ్చింది!

పదకొండింటికి కూలీల సంఘం సాయిలు వచ్చాడు. వెంట వకీలు హరిత ఉంది, నల్లకోటు ఇంకా కొత్తగా మెరుస్తున్న పిల్ల. సాయిలు ఎస్సైతో మాట్లాడి, సంబరంగా వరండాలోకి వచ్చాడు.

"అయిపోయిందక్కా. మీ నలుగురి లేబర్ కార్డులు చూపిచ్చిన. సారు ఒప్పుకుండు. పుష్పమ్మ పిలుస్తుంటె చూసినమని మీరు సాక్షి సంతకం పెడితె చాలు, మీ మీద కేసుండదు. బాలకృష్ణ మీద గూడ మీరు ఏమనొద్దు. అంతే."

"ఆమెకేమైతది?"

"ఆమెకేందక్కా! ఆమె అసలే గా మనిషి. మనోళ్లు ఇజ్జతున్న ఆడోళ్లని రుజువు చేసుకోవాలె గద."

భద్రమ్మ లేచి నిలబడింది. గొంతు పెద్దది చెయ్యలేదు.

"సాయిలూ, బాలకృష్ణగాడు మమతను ఎంత అని అడిగినప్పుడు ఆమె ఇజ్జతు చూసి అడిగిండా? మనం రోడ్డు మీద నిలబడ్డమని అడిగిండు. ఇయ్యాల నేను పుష్పమ్మ మీద ఏలిముద్ర ఏస్త. రేపు నా మీద ఇంకొకతె ఏస్తది. ఎల్లుండి మన మీద మనమే ఏసుకుంట కూసుంటె, వాడు స్లాబు పోసుకుంటడు."

"అక్కా, ఆరు నెలలక్కా..."

"ఆరేండ్లైన గానియ్. నాకు వాడు గావాలె. వాడు గీ బల్ల మీద కూసోవాలె. అది చెయ్యొస్తే చెయ్, రాకుంటె సంఘం బోర్డు మీదికెల్లి పేరు తీసేసుకో."

సాయిలు తల దించుకున్నాడు. "ఏం జెయ్యమంటవ్ చెప్పు" అన్నాడు.

"అడ్డంత కోర్టు కాడికి రావాలె. పురుగు గూడ పనికి పోవద్దు."

హరిత అంతవరకూ నోట్సు రాసుకుంటూనే ఉంది. తల ఎత్తి, "ఈ చట్టం కింద పట్టుకోవాలంటె ఎస్సై సరిపోడమ్మా. ఇన్‌స్పెక్టర్ కంటె తక్కువ గాని స్పెషల్ ఆఫీసరన్న ఉండాలె, ఆయన రాసిచ్చిన ఆర్డరన్న ఉండాలె. ఈన దగ్గర రెండూ లేవు. మీరు ఒక్కమాట మీద నిలబడుండ్రి, మిగిలింది నేను చూస్త" అంది.

భద్రమ్మ బల్ల మీద తిరిగి కూర్చుంది. పుష్పమ్మకు భుజం తగిలేలా కూర్చుంది.

*

కోర్టు ఆవరణ తట్టలతో నిండిపోయింది. రెండు వందల మంది అడ్డా కూలీలు పని మానుకుని వచ్చారు. తాపీ పనివాళ్లూ, సెంట్రింగు వాళ్లూ, పెయింటర్లూ వచ్చారు. బస్టాండు హమాలీలు ఎవరూ పిలవకుండానే వచ్చారు.

మేజిస్ట్రేటు కాగితం చదివించి అడిగాడు. "నేరం ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకోను" అంది మమత. బిక్షమ్మ ఒప్పుకోలేదు. ఇంట్లో చంటిపిల్ల ఉన్న నర్సింగమ్మ కూడా ఒప్పుకోలేదు. భద్రమ్మ, "తట్ట మోసుడు నేరమైతె గీ కోర్టు కట్టినోళ్లందర్ని జైల్ల ఎయ్యాలె సారూ. ఒప్పుకోను" అంది.

పుష్పమ్మ వంతు వచ్చింది. గుమస్తా అలవాటుగా 'ఒప్పుకొనినది' అని ముందే రాయబోయాడు.

"ఆగు" అంది పుష్పమ్మ. "ఐదుసార్లు పడితె ఐదుసార్లు నాతోటి ఒప్పిచ్చిండ్రు. ఇయ్యాల ఒప్పుకోను. నన్ను పట్టుకున్నప్పుడు నేను బస్సు కోసం నిలబడ్డ. పిలిచిన్నని చెప్పేటోడు ఎవడో తీస్కరండ్రి. నేను పిలిస్తె వచ్చిన మొగోడు ఏడి?"

సొంత పూచీకత్తు మీద ఐదుగురినీ వదిలారు. మెట్లు దిగుతుంటే జనం కేక వేశారు. భద్రమ్మ నవ్వలేదు.

"ఇండ్లకు పోకుండ్రి" అంది. "ఠాణాకు నడువుండ్రి."

ఠాణా ముందు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. మమత ఫిర్యాదు చెబుతుంటే హరిత రాసింది. కోరిక తీర్చమని ఆడదాన్ని అడిగినవాడికి కొత్త చట్టంలో డెబ్బై ఐదో సెక్షను, మూడేళ్ల దాకా జైలు. ఎస్సై ఫిర్యాదు తీసుకోనన్నాడు. "రోడ్డు మీద గిట్ల కూసుంటె మీ అందరి మీద కేసు పెడత!" అని అరిచాడు.

బిక్షమ్మ లేచింది. "రాసుకో సారూ. నా పేరు ముందే ఉంది." ఆమె వెనుక ఇంకొకామె లేచి, తాను కూడా పొద్దున అదే అడ్డా మీద నిలబడ్డానంది. ఆ వెనుక మరొకామె. చూస్తుండగా వరుస ఠాణా గేటు దాటి, మిర్చి బజ్జీల బండి దాటి, చౌరస్తా దాకా పోయింది. "నేను గూడ నిలబడిన. నా మీద గూడ ఎనిమిది రాయి." అరవై ఏళ్ల ముసలామె ఒకతె వేలిముద్రకు బొటనవేలు చాపుకునే వచ్చింది. ఠాణా రైటరు దగ్గర కాగితాలు అయిపోయాయి.

మధ్యాహ్నం మూడున్నరకు పెద్ద అధికారి జీపు వచ్చింది. నాలుగింటికి ఎఫ్‌ఐఆరు కాపీ మమత చేతిలో పడింది. పొద్దు గూకేలోపల బాలకృష్ణను తీసుకొచ్చారు. తెల్లచొక్కా వేసుకున్నాడు, చేతిలో ఫోను లేదు. భద్రమ్మ కిటికీలోంచి చూసింది. వాణ్ణి అదే బల్ల మీద కూర్చోబెట్టారు.

వాడికి ఆ పూటే జమానతు దొరికింది. వాడు బయటికి వస్తుంటే ఎవరూ తిట్టలేదు, రాయి విసరలేదు. దారి ఇచ్చారు. వాడు కారెక్కేదాకా అందరూ వాడి ముఖమే చూస్తూ నిలబడ్డారు.

*

ఐదుగురి మీది కేసు ఏడు నెలలకు కొట్టేశారు. హరిత చెప్పినట్టే, పట్టుకున్నవాడికి పట్టుకునే అధికారమే లేదని తేలింది. బాలకృష్ణ కేసు మాత్రం నడుస్తూనే ఉంది.

వాడి లాడ్జీ రెండో అంతస్తు దగ్గరే ఆగిపోయింది. వేరే జిల్లా నుంచి కూలీలను తెచ్చాడు. అడ్డా ఆడవాళ్లు వాళ్ల దగ్గరికి పోయి జరిగింది చెప్పారు. వాళ్లు సద్ది తిని, మూటలు కట్టుకుని వెనక్కి పోయారు. ఇనుప చువ్వలు వానకు తడిసి ఎర్రబారాయి.

కోర్టులో పేషీ పడ్డప్పుడల్లా వంతులేసుకుని నలభై మంది ఆడవాళ్లు ఆ రోజు కూలి వదులుకుని కోర్టుకు పోతారు. వరండాకు రెండు వైపులా గోడలకు ఆనుకుని నిలబడతారు. బాలకృష్ణ వాళ్ల మధ్య నుంచే నడవాలి. మొదట్లో తలెత్తుకుని నడిచాడు. తర్వాత తువ్వాలు కప్పుకున్నాడు. ఒకసారి వకీలు వెనక దాక్కుని నడిచాడు. పుష్పమ్మ ఒక్క పేషీ కూడా తప్పలేదు.

కులపెద్దలు వచ్చారు, రాజీ అన్నారు. బాలకృష్ణ మమతకు ఇల్లు కట్టిస్తాడట. మమత భద్రమ్మ వైపు చూడకుండానే జవాబు చెప్పింది.

"ఇండ్లు కట్టుడు మాకొచ్చు. వాడు పేషీకి వచ్చుడు మరువొద్దని చెప్పుండ్రి."

మొన్నటి పేషీకి దేవరకొండ దిక్కు నుంచి ఒక పిల్ల వచ్చింది. బస్సు దిగి దారి అడుగుతూ వచ్చి భద్రమ్మ ముందు నిలబడింది. పెదవి చిట్లి ఉంది.

"మీరేనంట గద అవ్వా, ఒప్పుకోనోళ్లు? మా మిల్లు సేఠు, నేను మాట ఇననందుకు గదే కేసు పెట్టిచ్చిండు. ఎల్లుండి కోర్టుకు రమ్మన్నరు. ఒప్పుకుంటె ఐదు వందలతోటి పోతదన్నరు."

పుష్పమ్మ ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఒప్పుకుంటవా?"

"ఒప్పుకోను. గని ఒక్కదాన్నే ఉన్న."

"మిల్లుల ఎంతమంది పని చేస్తరు?" అడిగింది భద్రమ్మ.

"ఆడోళ్లం ముప్పై మందిమి. అందరు భయపడ్డరు."

"పడనియ్. మేము గూడ భయపడ్డం. ఎల్లుండి పొద్దున్నే మూడు ఆటోలల్ల వస్తం. ఆ సేఠు పేరేందో చెప్పు."

పిల్ల చెప్పింది. వరండాలో నిలబడ్డ నలభై మందీ ఆ పేరు విన్నారు.