ఏడు

బోర్డు మీద "మెల్లని నడక" అని రాయించింది నేనే. సరస్సు చుట్టూ కాసేపు, గులాబీ తోటలో కాసేపు, చివర్న పాడుబడ్డ కోట మెట్లు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా రావచ్చు. ఎనిమిదేళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున్నే జనాన్ని వెంటేసుకుని తిప్పుతున్నాను. ఇన్నేళ్ళలో జరిగిన మహా ఘోరం ఏమిటంటే, ఒకావిడ చెప్పు సరస్సులో పడిపోవడం.

నాకొక పద్ధతుంది. బయల్దేరే ముందు తలా ఒక అంకె ఇస్తాను. నాది ఒకటి. ఆఖరున నడిచేది రిటైరైన పోస్ట్‌మ్యాన్, ఆయనది పన్నెండు. ఆయన వెనక ఎవరూ మిగలకూడదు, అందుకని అందరూ ఆయన్ని తోక అంటారు. "తోక లేకపోతే తలకి పొగరెక్కుతుందమ్మా" అంటాడాయన. ఎక్కడ ఆగినా నేను "ఒకటి" అని అరుస్తాను, వెనక నుంచి వరసగా అంకెలు వస్తాయి. ఒకరి అంకె ఇంకొకరు చెప్పకూడదు. ఆ నియమం పెట్టింది నేనే, ఆ ఆదివారం దాన్ని గాలికొదిలేసిందీ నేనే.

ఆ రోజు ఏడో అంకె మా చెల్లికిచ్చాను.

అది ఆరు వారాల క్రితం నా గుమ్మంలో వచ్చి నిలబడింది. ముందు పళ్ళు రెండు లేవు. ఎడమ మణికట్టు విరిగింది. "తలుపు తగిలిందక్కా" అంది. "తలుపులు ఉంగరాలు కూడా పెట్టుకుంటాయా?" అని అడిగాను, దాని చెంప మీద ఉంగరం అచ్చు స్పష్టంగా కనిపిస్తోంది మరి. అప్పుడు చెప్పింది. కొట్టేటప్పుడు దాని మొగుడు ఒకటే మాట అంటాడట. "ఏడు. ఏడవ్వేం? ఏడు." ఏడిస్తే ఆపుతాడట. "అందుకే ఏడవడం మానేశానక్కా" అంది. నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాను ఇన్నాళ్ళూ. దాని మొండితనం ఎక్కడ దాచుకుందో నాకప్పుడు తెలిసింది.

మా మరిది తాళాలు బాగుచేస్తాడు. "ఏ ఇంట్లో దూరినా తలుపు నాకు అడ్డం కాదు, దొరికిన రోజు నీ తల గోడకేసి కొట్టి చంపుతా" అని ఫోన్‌లో చెప్పాడు. నేనూ విన్నాను. పోలీసులకి రాసిచ్చాం. కాగితం తీసుకున్నారు, మంచినీళ్ళు ఇచ్చారు, పంపించారు.

అది గది దాటి రాలేదు. కిటికీ తలుపులు కూడా తెరవనిచ్చేది కాదు. "ఇంట్లోనే ఉంటే తాళం తీసి లోపలికి వస్తాడు. పన్నెండు మంది మధ్యలో నిన్నెవడు ముట్టుకుంటాడే?" అని నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"నీది ఏడు" అన్నాను సరస్సు గట్టు మీద. దాని మొహం పాలిపోయింది. ఎందుకో నా బుర్రకి తట్టలేదు. లెక్క మొదలుపెట్టాం. దాని వంతు వచ్చేసరికి చేత్తో నోరు మూసుకుని నేల చూపులు చూసింది. దాని ముందు నడుస్తున్న నర్సమ్మ "ఆరు, ఏడు. మీ చెల్లిది నేను చెప్పేశానమ్మా" అంది. నేను కసరాల్సింది. పోనీలే అనుకున్నాను. తోటలో ఆ వంతు దాని వెనకున్న ఫోటోల బాబాయి తీసుకున్నాడు. పువ్వు కనిపిస్తే చాలు ఆగిపోయే మనిషి. "ఏడు, ఎనిమిది, రెండూ నావే, రాసుకోండి" అన్నాడు. అందరూ నవ్వారు. చెల్లి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు కడుపు నిండిపోయింది.

కోట మెట్లు బురుజు చుట్టూ తిరుగుతూ పైకి వెళ్తాయి. మలుపు దాటితే వెనకవాళ్ళు కనపడరు. సగం దారిలో ఎడమవైపు తలుపు లేని చిన్న గుమ్మం, లోపల పాత కాపలాగది. దాని అవతలి గోడ ఎప్పుడో కూలిపోయింది. అక్కడి నుంచి కిందికి చూస్తే ఎండిపోయిన కందకం, రెండంతస్తుల లోతు.

నేను పైకి చేరి అరిచాను. "ఒకటి!"

రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు అన్న నర్సమ్మ ఆయాసపడుతూ నా పక్కకే వచ్చేసింది. క్షణం ఆగి, కింద నుంచి మగగొంతు వినిపించింది. "ఏడు."

బాబాయి చెప్పాడనుకున్నాను.

"ఎనిమిది" అన్నాడు బాబాయి, ఎక్కడో బాగా వెనక నుంచి.

"ఏడు" అంది మళ్ళీ ఆ గొంతు.

"ఇదేంటి, లెక్క వెనక్కి నడుస్తోంది?" అని ఎవరో నవ్వారు. నర్సమ్మ నా మొహంలోకి చూసింది. అది అంకె కాదు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. కాపలాగది గుమ్మంలో చెల్లి చెప్పు పడి ఉంది. లోపల వాడు దాని జుట్టు గుప్పిట పట్టి తల రాతిగోడకేసి కొడుతున్నాడు. అరవడం లేదు, తిట్టడం లేదు. మేకు దిగ్గొట్టే పనివాడిలా నింపాదిగా కొడుతున్నాడు. రాయి మీద నెత్తురు కారుతోంది. "ఏడు" అంటున్నాడు. అది కళ్ళు పెద్దవి చేసుకుని వాణ్ణే చూస్తోంది. ఒక్క చుక్క నీళ్ళు లేవు ఆ కళ్ళల్లో.

నా చేతికర్ర వాడి వీపు మీద విరిగింది. మిగిలిన ముక్కతో చెవి మీద కొట్టాను. వాడు దాన్ని వదిలి నా వైపు తిరిగాడు.

"వచ్చావా వదినా" అన్నాడు. "నీ దగ్గరికే వద్దామనుకుంటున్నా."

పొట్టలో తన్నాడు. వెల్లకిలా పడ్డాను. గుండె మీద మోకాలు వేసి గొంతు పట్టుకున్నాడు. బొటనవేలు నోటికి అందితే ఎముక తగిలేదాకా కొరికాను. వాడు మోచేత్తో నా ముక్కు పగలగొట్టాడు. తోక పరిగెత్తుకొచ్చి కాలరు పట్టి లాగాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఒక్క తోపుకి గోడకి కొట్టుకుని కూలబడ్డాడు, కళ్ళద్దాలు పగిలి కనుబొమ్మలో గుచ్చుకున్నాయి. నర్సమ్మ వాడి మొహం రక్కుతోంది. వాడి వేళ్ళు మాత్రం నా మెడ మీద నుంచి కదల్లేదు. నా చూపు చీకటవుతోంది. చచ్చిపోతున్నాను, బోర్డు మీద దారి కూడా రాయించి, దాన్ని నేనే తీసుకొచ్చి వీడికి అప్పగించాను, అనుకున్నాను.

అప్పుడు వాడి తల వెనక చెల్లి కనిపించింది. కట్టు కట్టిన చెయ్యి, మంచి చెయ్యి కలిపి గోడలోంచి ఊడిన రాయి ఎత్తింది. కొట్టింది. వాడి వేళ్ళు సడలాయి. లేచి నిలబడి, పుర్రె మీద చెయ్యి పెట్టుకుని, ఇదెవరు అన్నట్టు దాన్ని చూశాడు. అది మళ్ళీ కొట్టింది, ఈసారి నుదుటి మీద. వాడు ఒకడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వెయ్యడానికి వెనక నేల లేదు.

కింద పడ్డ చప్పుడు విన్నాం. నర్సమ్మ అంచు దాకా వెళ్ళి తొంగి చూసి, తల అడ్డంగా ఊపింది.

చెల్లి రాయిని పట్టుకునే ఉంది. వేళ్ళు ఒక్కొక్కటీ నేను విడదీశాను.

"వినండి" అన్నాను, ముక్కులోంచి నెత్తురు నోట్లోకి కారుతుంటే. "కొట్టింది నేను. రెండు దెబ్బలూ నేనే. అర్థమైందా?"

"నువ్వెందుకమ్మా?" అన్నాడు తోక. "నేను రేపో మాపో పోయేవాణ్ణి. నేను కొట్టాను."

"మీరిద్దరూ ఊరుకోండి" అంది నర్సమ్మ.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి అందరం కోట వాకిట్లో కూర్చుని ఉన్నాం. ఆయన కందకం చూసొచ్చాడు, రాయి చూశాడు. "ఎవరు కొట్టారు?" అన్నాడు.

"నేను" అన్నాను.

"నేను" అన్నాడు తోక.

"నేనండీ" అంది నర్సమ్మ. అసలు ఆ గదిలో అడుగే పెట్టని ఫోటోల బాబాయి కూడా వణుకుతూ "నేనే" అన్నాడు.

"అందరూ కలిసి ఒకే రాయి పట్టుకున్నారా?" అని కసిరాడు ఇన్‌స్పెక్టర్. "తమాషాగా ఉందా?"

చెల్లి లేచింది. తలకి నర్సమ్మ కట్టిన గుడ్డ ఎర్రగా తడిసిపోయింది. నేను చెయ్యి పట్టుకుని కిందికి లాగాను. విడిపించుకుంది. నోటి మీది చెయ్యి కూడా తీసేసింది. ఆరు వారాల్లో మొదటిసారి ఆ పళ్ళ సందు అందరికీ కనిపించింది.

"ఒకరి అంకె ఇంకొకరు చెప్పకూడదక్కా" అంది నాతో. తర్వాత ఆయన వైపు తిరిగి, కోట అంతా వినపడేలా అంది.

"ఏడు."

"ఏడేంటమ్మా?" అన్నాడాయన.

"నా అంకె. రాయి ఎత్తింది నేను. రెండుసార్లు కొట్టాను. రాసుకోండి."

ఆయన కాగితం తీశాడు. నేను భోరున ఏడ్చాను. అది మాత్రం ఏడవలేదు.