రెండంగుళాల వాటం

మా మామగారు నలభై ఏళ్ళు తాపీ మేస్త్రీగా చేశారు. నేను ఊరి చివర మైదానంలో గోల్ఫ్ నేర్పుతాను. ఏటా ఒక ఆదివారం అక్కడ కోచ్‌లు తమ ఇంటివాళ్ళతో జంటగా ఆడతారు. పోయినేడు మా ఆయన ఏదో వంక చెప్పి తప్పించుకుంటే మామగారే నా జోడీగా వచ్చారు. మొదటి దెబ్బకే బంతి మడుగులో పడింది. రెండోదీ, మూడోదీ అక్కడికే పోయాయి. జనం నవ్వారు. అత్తయ్య పోయాక ఆయన గడప దాటింది ఆ ఆట కోసమే. ఆ రోజు నుంచి మళ్ళీ గదిలో తలుపేసుకున్నారు. ఈ ఏడు కాళ్ళావేళ్ళా పడి తీసుకొచ్చాను.

"ఈసారీ నీళ్ళలో పడితే ఇక కర్ర ముట్టుకోనమ్మాయ్" అన్నారు. అన్నంత పనీ చేసే మనిషి. నాకు భయమేసింది.

ముందుగా డ్రైవర్ పట్టించాను. డ్రైవర్ అంటే బండి తోలేవాడు కాదు, తొలి దెబ్బకు వాడే పొడవాటి కర్ర. దాంతో బంతిని పైనుంచి కొడితే గిర్రున తిరుగుతూ గాల్లోకి లేచి, కుడికి వంగి, దగ్గర్లోనే పడుతుంది. కర్ర కిందికి దిగి మళ్ళీ పైకి లేస్తున్నప్పుడు తగలాలి. అందుకే బంతిని ఎడమ మడమకి ఎదురుగా, చిన్న మేకు మీద ఎత్తుగా పెట్టించాను. అదంతా బుద్ధిగా చేస్తారు. నిలబడేసరికి మాత్రం రెండు భుజాలూ గీత గీసినట్టు సమానం. అలా ఉంటే కర్ర బంతి మీదికి పైనుంచే దిగుతుంది. కుడి భుజం కాస్త దించమని మూడు వారాలు మొత్తుకున్నాను. ఒక రోజు తన పాత పనిముట్ల సంచీలోంచి రసమట్టం తీసి, భుజాలకి ఆనించి చూడమన్నారు. బుడగ సరిగ్గా మధ్యలో ఉంది. ఇంకేం కావాలని అడిగారు. నాకు ఒళ్ళు మండి, మీరు కట్టేది గోడ కాదు అనేశాను. ఆయన రసమట్టం సంచీలో పెట్టుకున్నారు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

శనివారం పొద్దున స్నానాలగది కడుగుతున్నాను. ఆ గచ్చు ఆయన వేసిందే. బకెట్టు కుమ్మరిస్తే నీళ్ళు చుక్క నిలవకుండా తూములోకి పోయాయి. చీపురు చేత్తో పట్టుకునే ఆయన్ని పిలిచి, ఇక్కడ రసమట్టం పెట్టి చూసుకోలేదా అని అడిగాను.

"మట్టంగా వేస్తే నీళ్ళు నిలిచిపోవూ? వాటం ఇవ్వాలి గదా."

"భుజాలకీ ఇవ్వాలి మామయ్యా. కుడివైపు రెండంగుళాలు."

ఆయన తూము వంకా, తన భుజం వంకా చూసుకున్నారు.

"వాటమని మొదటే చెప్పొచ్చుగా."

మూడు వారాలు ఆ ఒక్క మాట నోటికి రానందుకు సిగ్గేసింది.

ఆదివారం, పోయినేడు నవ్వినవాళ్ళే మళ్ళీ చుట్టూ చేరారు. మామగారు మేకు గుచ్చి, బంతి పెట్టి, నిలబడి కుడి భుజం దించారు. తొందరపడకుండా కర్ర వెనక్కి తీసి కొట్టారు. బంతి తిన్నగా మడుగు దాటి, అవతలి గట్టు మీద దొర్లి ఆగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆయన అటు చూడనే లేదు. కర్ర నా చేతికిచ్చి, నలభై ఏళ్ళు ఊరంతా తనని పిలిచిన పిలుపుతో నన్ను పిలిచారు.

"వాటం సరిపోయిందా, మేస్త్రీ?"